కుర్చీల రైల్లో ఒక సీటు

కేజీఎఫ్‌లో పాత గనుల క్వార్టర్ల వెనక ఉన్న ఒక చిన్న బడిలో నేను ఎల్కేజీ పిల్లలకు మిస్‌ని. నాకు గోల గిట్టదు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా కూర్చుంటేనే చదువు వస్తుందని నమ్మిన మనిషిని. మా నాన్న బేతమంగళ దగ్గర బడిపంతులు, ఆయన బెత్తం చూస్తూ పెరిగాను. అలాంటి నా చేతికి రెండేళ్ల కిందట మా హెడ్‌మిస్ ఒక బుట్ట ఇచ్చింది. అందులో బంకమట్టి, చింతగింజలు, పాత చొక్కాల గుండీలు. ఇకమీదట పిల్లలు చేతులతో చేస్తూ, ఆడుకుంటూ నేర్చుకోవాలట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుక్కున్నాను. మట్టి పిసికేది వాళ్లు, అన్ని చేతులూ కడగాల్సింది నేనూ, బడిలో పనిచేసే ఆయమ్మానూ.

ఆ ఏడాది నా తరగతిలో ఒక పాప ఉండేది. జూన్‌లో చేరింది, ఫిబ్రవరి వచ్చినా నోరు విప్పలేదు. పది చింతగింజలు పెట్టమంటే సరిగ్గా పదే పెట్టేది. మట్టితో ఇడ్లీలు చేసి వరసగా పేర్చేది. పేరు అడిగితే మాత్రం నేలచూపులు చూసేది. నేను బతిమాలాను, బెదిరించాను, చాక్లెట్ ఆశ పెట్టాను. చాక్లెట్ తీసుకుంది, మాట ఇవ్వలేదు.

తల్లి రోజూ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో ఆఫీసుకు పోయి వచ్చేది. పాపను చూసుకునేది అవ్వ. సెలవు పెట్టి ఒకసారి తల్లి నన్ను కలవడానికి వచ్చింది.

“ఇంట్లో ఊరికే వాగతానే ఉంటాది మిస్. దీన్ని గమ్మునుండమని చెప్పేదానికే మాయమ్మకు పొద్దు చాల్దు. ఈడకొస్తే ఏమైతాదో ఏమో,” అంది.

నేను నమ్మలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు, ఏ తల్లి మాత్రం తన బిడ్డకు మాటలు రావంటుంది? హెడ్‌మిస్ కూడా నమ్మలేదు. ఆ పాపను యూకేజీకి పంపాలో, మళ్లీ ఎల్కేజీలోనే కూర్చోబెట్టాలో శనివారం లోపల రాసిమ్మంది. మాట్లాడని పిల్ల పైతరగతిలో ఎలా నెగ్గుకొస్తుందని ఆమె బాధ. సంగతి తెలిసి తల్లి ఫోన్‌లో ఏడ్చింది. “జత పిల్లోళ్లంతా పైకి పోయి ఇది ఒకటే మిగిలిపోతే, ఇంగా ముడుచుకోని పోతాది మిస్,” అంది. అది నిజమని నాకూ తెలుసు. కానీ ఒక్క మాటైనా వినకుండా ఏమని రాసేది?

బుధవారం నాడు చిన్న ప్లాస్టిక్ కుర్చీలను రెండేసి చొప్పున పేర్చి రైలు కట్టాం. జతలు లెక్కపెట్టడం ఆ రోజు పాఠం. పిల్లలు తోసుకుంటూ ఎక్కేశారు. ఈ పాప ఒక కుర్చీలో కూర్చుని, జేబులోంచి చేతిరుమాలు తీసి పక్క కుర్చీ మీద పరిచింది. ఎవరు కూర్చోబోయినా రెండు చేతులతో తోసేసింది. నాకు ఒళ్లు మండింది. మాట లేదు గానీ మొండితనానికి తక్కువ లేదనుకుని, ఆ రుమాలు లాగి ఆమె ఒళ్లో పడేసి వేరే పాపను కూర్చోబెట్టాను. పాప కిందికి దిగి మూలకు పోయి మోకాళ్లలో ముఖం పెట్టుకుంది. ఏడుపు కూడా చప్పుడు లేని ఏడుపే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

కుర్చీలు సర్దుతూ ఆయమ్మ అడిగింది. ఆమెది ఆ పాప వాళ్ల వీధే.

“ఏం మిస్, ఆ బిడ్డ సీటు పెట్టుకుంటే ఎందుకట్ల తీసేస్తిరి? వాళ్లమ్మకి గదా పెట్టింది. క్రిస్మస్ లీవులో అవ్వకు జ్వరమొస్తే, నాలుగు దినాలు బిడ్డను రైల్లోనే ఎత్తుకోని పోయింది. మొదటి స్టేషన్ మారికుప్పంలో ఎక్కేటోళ్లు కర్చీఫేసి పెడితేనే ఊరిగాంలో ఎక్కే వాళ్లమ్మకు సీటు. అదే చూసుంటాది.”

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. బస్సు కిటికీలోంచి టవలు విసిరి సీటు పట్టిన ఘనురాలినే నేను. నాలుగేళ్ల పిల్ల అదే పని చేస్తే మొండితనమని పేరు పెట్టాను. ఎనిమిది నెలలుగా ఒక్క మాట చెప్పని పిల్ల ఆ రోజు మొదటిసారి ఏదో చెప్పబోతే, లాగి పడేశాను. సిగ్గేసింది.

మరునాడు మళ్లీ రైలు కట్టించాను. పాప చాలాసేపు గోడకే అతుక్కుని నిలబడింది. చివరికి వచ్చి కూర్చుని, నావైపు చూస్తూ చూస్తూ రుమాలు పరిచింది. ఒక పిల్లవాడు కూర్చోబోతే, “ఆ సీటుకు మనిషొస్తాది, నువ్వు వేరే చూసుకో,” అన్నాను. నాకు సీటు లేదు కాబట్టి కుర్చీల మధ్య నిలబడ్డాను. పిల్లలు ఒక్కో స్టేషన్ పేరూ అరుస్తున్నారు. చాంపియన్, ఊరిగాం, కోరమాండల్, బంగారపేట, టేకల్. అంత గోలలోనూ నా చెవులు ఆ పాప దగ్గరే ఉన్నాయి. ఆమె పెదవులు కదలలేదు. రేపొక్కరోజే మిగిలింది అనుకున్నాను.

“మాలూరు!” అని అరిచారు పిల్లలు.

పాప లేచి నిలబడింది. నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది.

“మిస్, మాలూరొచ్చేసింది. ఇంగ నువ్వు కూచో. నేను నిలబడతాను.” నేను రుమాలు పరిచిన కుర్చీ వైపు వంగబోయేసరికి వేలు చూపించి గట్టిగా అంది. “దాంట్లో కాదు. అది మాయమ్మది. నా దాంట్లో కూచో.”

ఆ చిన్న కుర్చీలో నేను పట్టను. అయినా కూర్చున్నాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఎనిమిది నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆయమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. పాప మాత్రం మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా, నా కుర్చీ వీపు పట్టుకుని ఊగుతూ నిలబడింది.

మాలూరు సంగతి నాకు అర్థం కాలేదు. సాయంత్రం తల్లికి ఫోన్ చేశాను. ఆమె అప్పుడే రైలెక్కి ఉంది. జరిగింది చెప్పాను.

“మా రైల్లో అట్లే మిస్,” అంది. “పొద్దున పోయేటప్పుడు మాలూరు దాకా కూచున్నోళ్లు లేసి, నిలబడినోళ్లకు సీటిస్తారు. మీరు నిలబడిండేది చూసుంటాది.” వెంటనే అడిగింది. “అయితే పై క్లాసుకు రాస్తారా మిస్?”

“రాసేసి, హెడ్‌మిస్ చేతికిచ్చే వచ్చినాను,” అన్నాను.

“అదేం మాట్లాడిందో ఇంగొక తూరి చెప్పండి మిస్.”

చెప్పాను. పక్కన ఎవరో ఏమైందని అడుగుతున్నారు. ఆమె స్పీకర్ పెట్టింది. ఇప్పుడు అందరికీ వినబడేట్టు చెప్పమంది. నాకు గోల గిట్టదని మొదటే చెప్పాను. ఆ రోజు పెట్టెడు మంది మధ్యకు, మారికుప్పం వచ్చే రైల్లోకి, గొంతు చించుకుని మూడోసారి చెప్పాను.