ఎంచి తీసుకున్న గుండె

మా అక్క గుండె తీసుకున్నారు. మమ్మల్ని అడగలేదు. తీసుకున్నామని చెప్పనూ లేదు.

ఇప్పుడు పేపర్లో చూస్తుంటాను. ఎవరి గుండెనైనా తీయాలంటే ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడుగుతారు. సంతకం తీసుకుంటారు. ఆ గుండె మంచిదా కాదా, ఎవరికి సరిపోతుంది అని పరీక్షలు చేస్తారు. పోలీసులు రోడ్డు ఖాళీ చేయించి మరీ దాన్ని పంపిస్తారు. ఇచ్చిన కుటుంబానికి దణ్ణం పెడతారు. మంచిదే, నేను కాదనను. కానీ మాకు దణ్ణం మాట అటుంచి, ఒక్క ముక్క చెప్పినవాడు లేడు. డెబ్బయిల నాటి సంగతి ఇది. ఆ ఆసుపత్రి పేరు రాయను. రాసి ఇప్పుడు నేను సాధించేదేమీ లేదు.

అప్పట్లో మేం పటమటలో ఉండేవాళ్ళం. ఒకటే గది, ముందు తాటాకు పంచ. నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ రైసుమిల్లులో చెరిగే పనికి వెళ్ళేది. నేను లారీ బాడీలు కట్టే షెడ్డులో పెయింటర్ని. బడిలో కూర్చున్నది తక్కువ. రాయడం లారీల మీద నేర్చుకున్నాను, చదవడం బోల్టులు చుట్టి వచ్చిన పేపరు ముక్కల మీద నేర్చుకున్నాను. అక్క మిషనరీల బడిలో ఆయా. చిన్నప్పుడు దానికి కీళ్ళ జ్వరం వచ్చింది. కీళ్ళు బాగయ్యాయి గానీ జబ్బు పోయి గుండెలో కూర్చుంది. పాతికేళ్ళు దాటేసరికి పడుకుంటే ఊపిరాడేది కాదు. బియ్యం బస్తాకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయేది. "నడుం వాలిస్తే మునిగిపోతున్నట్టుంటదమ్మా" అనేది.

ఆసుపత్రిలో చేర్చాక ఎక్కువ రోజులు బతకలేదు. పొద్దున్నే పోయింది. శవాన్ని మాత్రం మధ్యాహ్నం దాటినా ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, "పెద్ద డాక్టరుగారు చూడాలి" అన్నారు. ఏం చూడాలో చెప్పలేదు.

మా క్రైస్తవుల్లో ఆడమనిషి పోతే పేటలో ఆడవాళ్ళే స్నానం చేయించి తెల్లచీర కడతారు. దడి వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయింది. అక్క మెడ కింద నుంచి పొట్ట దాకా కుట్లు. గోనెసంచిని దబ్బనంతో కుట్టినట్టు కుట్టారు. అమ్మ బయటికి వచ్చి, తడి చేతులు తుడుచుకోకుండానే, "పోయి అడిగిరా" అంది.

శవాల గదికి కాపలా ఉండే ముసలాయన నన్ను చూసి బీడీ చాటుచేసుకున్నాడు.

"గుండె తీశారు బాబూ. ఆ పూట మూడు శవాలున్నయ్యి. పెద్ద డాక్టరుగారు ఈ అమ్మాయిదే ఎంచి మరీ తీసుకున్నారు."

"ఎందుకు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నేను తలుపు తీసేవోణ్ణి, తలుపేసేవోణ్ణి."

ఆ మాట ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాను. ఆ సాయంత్రమే అక్కను సమాధి చేశాం.

కొన్నాళ్ళకు షెడ్డులో బోల్టుల పొట్లం విప్పితే ఆ కాగితంలో గుండె మార్పిడి గురించి ఉంది. ఏదో పరాయి దేశంలో చచ్చిపోయినవాళ్ళ గుండె తీసి బతికున్నవాళ్ళకు పెడుతున్నారని. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మళ్ళీ చదవమంది. చదివాను.

"ఎట్టాంటి గుండె తీస్తారంట?"

"మంచి గుండే తీస్తారంట. వయసులో ఉన్నవాళ్ళది, జబ్బు లేనిది."

"మరి మన పిల్లది ఎంచి తీశారుగా."

"దానికి గుండెజబ్బు కదమ్మా."

"అది వాళ్ళన్న మాట. సంతకెళ్ళి పుచ్చు వంకాయ ఏరుకొచ్చేవాడు ఎవడన్నా ఉంటాడంట్రా? ముగ్గురున్నారు, దాన్నే ఏరుకున్నారు. మంచిది గాబట్టే ఏరుకున్నారు. ఎవరికో పెట్టారు."

కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా అక్క గుండె ఈ కృష్ణా జిల్లాలో ఎక్కడో కొట్టుకుంటోందని అమ్మ నమ్మింది. నమ్మిన మనిషితో ఒకే గదిలో నమ్మని మనిషి ఉండటం ఎలా ఉంటుందో ఉన్నవాడికే తెలుస్తుంది. కాదంటే కూతుర్ని రెండోసారి చంపినవాణ్ణవుతాను. అవునంటే ఆమెతో పాటు వెతకాలి.

వెతికాను. ఆదివారం ప్రార్థన అవగానే ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. లోపలి నుంచి ఏ ఆడమనిషైనా నడుచుకుంటూ వస్తే అమ్మ ఆమె ముఖం చూసేది కాదు, రొమ్ము కేసి చూసేది. పక్కవాటాలో సాయిబుగారు కుట్టుమిషను ఆపి నన్ను ఎగతాళి చేసేవాడు.

"ఏం అబ్బాయ్, ఇయ్యాల ఎవరినన్నా పట్టుకున్నారా? ఆ పేపరేదో మా ఇంట్లో చదవమాక. మా ఆవిడ నన్ను కూడా తిప్పుద్ది."

ఆ ఆదివారాల్లో ఇంటి తాళం మాత్రం తనే అడిగి తీసుకునేవాడు. మేం వచ్చేసరికి పంచలో బిందె నింపి ఉండేది.

ఒకసారి హనుమాన్ జంక్షన్లో పిన్ని వాళ్ళింటికి బస్సులో వెళ్తున్నాం. ముందు సీట్లో ఒకావిడ, మంచి చీర, చెయ్యి గుండెల మీద పెట్టుకుని కూర్చుంది. అమ్మ వంగి, "అమ్మా, తమరికి గుండె ఆపరేషనేమన్నా అయిందాండీ?" అని అడిగింది.

"ఛీ, పొద్దున్నే అవేం మాటలండీ!"

కండక్టరు వెనక్కి తిరిగాడు. "ఏమ్మోవ్, డాక్టరమ్మా! ముందు నువ్వు టిక్కెట్టు తీసుకో, తర్వాత పరీక్షలు చేద్దువుగాని."

బస్సంతా నవ్వింది. మెట్ల దాకా మనుషులు కిక్కిరిసి ఉన్నారు. దిగిపోదామంటే కదిలే దారి లేదు. జంక్షను వచ్చేదాకా అమ్మ పక్కనే, ఆ నవ్వుల మధ్యనే కూర్చున్నాను.

సమాధి దగ్గర ఇంకో చిక్కు. మాలో సమాధుల పండగకు ముందే సిమెంటు చేయించి, సున్నం వేసి, పూలు పరిచి కొవ్వొత్తులు పెడతారు. అమ్మ సిమెంటు పొయ్యనివ్వలేదు. సంఘం పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి నచ్చజెప్పారు.

"పునరుత్థాన దినాన, చనిపోయినవాళ్ళంతా లేచినప్పుడు, ఎవరిది వాళ్ళకు చేర్చడం దేవుడికి తెలుసమ్మా."

"ఆయనకు తెలుసండి. నాకు తెలియాలి గదండీ. లోపలికి రావాల్సింది ఇంకా బయటుంది. సిమెంటు పోసి మూసేస్తే రేపది దొరికినప్పుడు ఎట్టా పెట్టేదండీ?"

ఆయన కాఫీ కూడా తాగకుండా లేచారు. మా నేల నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే పగిలి కుంగుతుంది. కుంగినప్పుడల్లా నేను తట్టతో మట్టి మోసి పోసి వచ్చేవాణ్ణి. చుట్టూ అందరివీ తెల్లగా మెరిసేవి, అక్కది దున్నిన మడిలా ఉండేది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అక్క సమాధికి ఇప్పటికీ సిమెంటు లేదు. మట్టి మాత్రం నేనే పోస్తాను.

పెద్ద డాక్టరును కలవాలని తిరగని రోజు లేదు. రౌండ్సులో ఉన్నారనేవాళ్ళు, క్యాంపుకెళ్ళారనేవాళ్ళు, రేపు రమ్మనేవాళ్ళు. చివరికి అమ్మ ఒక మధ్యాహ్నం నేరుగా వెళ్ళి ఆయన కారుకు ఆనుకుని నేలమీద చతికిలబడింది. వాచ్‌మన్ లేవమన్నాడు. లేవలేదు. డాక్టరుగారు వచ్చారు. అరవలేదు, కసరలేదు. అది కూడా చెప్పాలి. వాచ్‌మన్‌ను పక్కకి పొమ్మని, "ఏంటమ్మా?" అన్నారు.

అమ్మ అక్క పేరు చెప్పింది, ఏ వార్డో చెప్పింది. ఆయనకు గుర్తుంది. చెప్తుండగానే తలూపారు.

"ఎవరికి పెట్టారు బాబూ నా బిడ్డ గుండె? ఆమెను ఒక్కసారి చూపించండి. రూపాయి అడగను, గొడవ చెయ్యను. చెవి ఆనించి విని ఎళ్ళిపోతా. పెట్టలేదంటారా, నాది నాకిచ్చెయ్యండి. సమాధి మూయకుండా ఉంచాను."

ఆయన నా వైపు చూశారు, ఈమెకు నువ్వైనా చెప్పలేదా అన్నట్టు. నేను చెప్పను. ఎందుకు చెప్పాలి? తీసింది నేనా? "అడిగింది ఆవిడండీ, ఆవిడకే చెప్పండి" అన్నాను.

ఆయన కారు తాళాలు జేబులో వేసుకుని, అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"ఎవరికీ పెట్టలేదమ్మా. మన దగ్గర ఆ ఆపరేషన్లు లేవు. ఉన్నా అది పెట్టడానికి పనికొచ్చే గుండె కాదు. డాక్టరు చదివే పిల్లలకు పాఠం చెప్పడానికి సీసాలో ఉంచాం. మంచి గుండె అయితే లోపలే వదిలేసి కుట్టేసేవాళ్ళం. అంత చెడిపోయిన గుండె మళ్ళీ దొరకదమ్మా, అందుకే ఎంచి తీసుకున్నాం. అందుకే తిరిగి ఇవ్వలేం."