బొట్టు పెట్టిన మైక్‌సెట్టు

మా ఆయన ఇప్పుడు లేడు గానీ, ఆయన మైక్‌సెట్టు మాట ఎవరైనా ఎత్తితే నాకు నవ్వే ముందు వస్తుంది. ఆయనకు వ్యవసాయం ఒంటపట్టలేదు. నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందర గదిలో యాంప్లిఫయరూ బాకా పెట్టుకుని, పెళ్లిళ్లకు కిరాయికి ఇద్దామనుకున్నాడు. ఆయన అన్నకు, అంటే మా బావకు, అది అసలు నచ్చలేదు.

"ఎడ్లను ఇడిసి డబ్బాతోని ఏం పనిరా? గీ ఒక్క పెండ్లి సూస్త. పని కాకుంటే మల్ల నాగలి పట్టాలె" అని తేల్చి చెప్పాడు. అన్న మాటకు ఈయన ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగడు. తలూపాడు.

ఆ పెళ్లి నాగల్‌గిద్దలో. దసరా పోయాక మొదటిది. సాయంత్రం పెళ్లివాళ్ల ట్రాక్టర్ వస్తుందనగా, పొద్దున మిషన్, అదే యాంప్లిఫయరు, పెట్టి చూశాడు. టేపు వేస్తే పాట ఖంగుమని వస్తోంది. మైకులో మాట్లాడితే మాత్రం గరగర తప్ప మాట లేదు. పెళ్లిలో మాటే ముఖ్యం. ఎవరెవరు ఏం కట్నం పెట్టారో మైకులో చదవాలి. తన పేరు బాకాలో వినపడకపోతే మేనమామ బంతిలోంచి లేచిపోతాడు.

ఆయన మైకు మార్చాడు, వైరు మార్చాడు. మూత విప్పి లోపలి తీగలకు మళ్లీ టంకం పెట్టాడు. నేను పక్కన కూచుని "అలో, అలో" అంటూనే ఉన్నాను. నాది పుట్టుబొంగురు గొంతు.

"గరగర నీదా, మిషన్‌దా?" అన్నాడు.

"నాదైతే పెండ్లినాడే ఎరుకైతుండె గద!"

పొద్దుటి నుంచి అప్పుడే నవ్వాడు. నవ్వి, "పాట వస్తుందంటే మిషన్ మంచిగనే ఉన్నట్టు. మైకు పిన్ను కాడనే ఏదో ఉన్నది" అంటూ పిన్ను గుంజాడు. దాని మొన పసుపుపచ్చగా ఉంది.

నాకు అర్థమైంది. దసరానాడు మా అత్త కొడవలికీ గొడ్డలికీ పెట్టినట్టే మిషన్‌కూ బొట్లు పెట్టింది. మీట మీట మీదా, బెజ్జం బెజ్జం మీదా తడి పసుపు అద్దింది. మా ఇంట్లో ఆ బొట్టును తుడవరు, తనంతట తాను రాలాల్సిందే. ఆయన కూడా మిషనంతా తుడిచాడు గానీ, బొట్టున్న చోటు ముట్టుకోలేదు.

"గీడ సూడుండ్రి" అని పిన్ను చూపించాను.

ఆయన పిన్నును చూశాడు. గడపలో కందిపప్పు చెరుగుతున్న తల్లిని చూశాడు.

"అవ్వా, నువ్వు పెట్టిన పసుపు బెజ్జంల ఎండిపోయింది. మాటకు అడ్డం పడ్డది."

"నా బొట్టుతోని నీ డబ్బా ఖరాబైందా? మస్తు చెప్పినవ్! కొడవలి ఖరాబ్ కాకపాయె, గొడ్డలి ఖరాబ్ కాకపాయె."

"కొడవలి మాట్లాడదు గదనే!"

"అయితే తుడుసుకో, పో."

"నేనైతే తుడువ. పెట్టిన చెయ్యి నీది, నువ్వే తియ్యి."

అత్త చేట పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని మిషన్‌కు దండం పెట్టింది. దీపం వత్తిని లాంతరులో పోసే గ్యాసునూనెలో ముంచి బెజ్జంలో తిప్పింది. వత్తి తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉంది. పిన్నును తన కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆయన దాన్ని దూర్చి, మైకు ఆమె చేతికే ఇచ్చాడు.

"ఏమన్న అను."

అత్త మైకును పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది.

"ఓ పెద్దోడా! ఎడ్లకు గడ్డి ఏసుడు అయితే జల్దీ రా. తమ్ముని బాకా ట్రాక్టర్ల పెట్టు. వాడు నాగలి పట్టడు, పెండ్లికి పోతుండు!"

బజారంతా వినపడింది. ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. మా బావ వెనక కొట్టంలోంచి చేతిలో గడ్డితోనే వచ్చి నిలబడ్డాడు.

"గింత లొల్లి ఏందే అవ్వా? ఈడనే ఉన్న గద!"

సాయంత్రం ట్రాక్టర్ వచ్చినప్పుడు మా బావ మా ఆయనను ఏదీ ముట్టుకోనివ్వలేదు. మిషన్‌ను తనే లేగదూడను ఎత్తినట్టు ఎత్తి, ట్రాలీలో గడ్డి పరిచి పెట్టాడు. డ్రైవర్ దగ్గరికి వెళ్లి అన్నాడు:

"జర మెల్లగ పోనియ్. ఎనక మా తమ్ముని మిషన్ ఉన్నది."