మా ఇంటి కట్టుబడి

కట్టుబడి అనే మాటను నేను మొదట రాతిపని దగ్గర విన్నాను. బేతంచెర్ల బండలతో బావికి గోడ కట్టేటప్పుడు రాయి మీద రాయి కదలకుండా కూర్చుంటే, ‘కట్టుబడి బాగుండాది’ అంటారు. ఆ పని నా చేతికి బాగా వచ్చింది. కర్నూలు రాజధాని అయినప్పుడు అక్కడి మేస్త్రీ ఒకాయన, పనులు శానా ఉన్నాయి, వెంటనే రమ్మని కబురు పంపినాడు. మూట కట్టుకున్నాను.

కానీ మా నేల పేరు కూడా కట్టుబడి మాన్యమే. పాళెగాళ్ల కాలంలో బల్లెం పట్టి ఊరికి కాపలా కాసిన మా పెద్దలకు జీతానికి బదులు ఇచ్చిన నేల అది. పాళెగాళ్లు పోయినారు, బల్లేలు పోయినాయి, కాపలా మాత్రం మాకు మిగిలింది. పొద్దుగూకితే మా ఇంటి మగవాడొకడు చావడిలో ఉండాల్సిందే. నాయనకు చూపు తగ్గింది. నేనొక్కడినే కొడుకును.

చావడి అరుగు మీద ఊరి పెద్దరెడ్డి నలుగురిలో అడిగినాడు.

“ఏమప్పా, కర్నూలుకు పోతాండావంట. మాన్యం గూడా మూటలో పెట్టుకున్నావా?”

అందరూ నవ్వినారు. ఎవరికో గడ్డం గీస్తున్న మంగలి, కత్తి ఆపి మరీ నవ్వినాడు.

“కాపలాకు ఇంకొకర్ని పెట్టుకోండి రెడ్డీ.”

“పెడతాం. ఆ నేల గూడా వానికే ఇస్తాం.”

నేను బదులు చెప్పేలోగా నాయన లేచి తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. “వాడు యాడికీ పోడు రెడ్డీ. నా మాటకు కట్టుబడి ఉంటాడు.”

మాట ఇచ్చింది ఆయన, కట్టుబడింది నేను. కట్టుకు లోబడి పడి ఉండడమే కట్టుబడి. పండితులు ఇంకేమైనా చెప్పుకోనీ. కట్టేవాడెవడో ఆ మాటలో లేదు. పడేవాడే ఉన్నాడు.

ఆ కాపలా మాకే అని ఎక్కడ రాసి ఉందో చూపమని రెడ్డిని అడిగినాను, కరణాన్ని అడిగినాను, తాలూకా కచేరిలో అర్జీ పెట్టినాను. ఎవరూ చూపలేదు. లేదని కూడా ఎవరూ అనలేదు. ఏటికేడు చావడిలోనే తెల్లారింది.

రాజధాని హైదరాబాదుకు పోయినాక, నాతో పాటు పని నేర్చుకున్నవాడు కర్నూలు నుంచి ఊరికి తిరిగొచ్చినాడు, అక్కడ పనుల్లేవని. ఆ వారమే పెద్దరెడ్డి నన్ను పిలిపించి, కాపలాకు తన మనిషిని పెట్టుకుంటానని, నేల మాకే ఉంచుతానని చెప్పినాడు.

“ఇంక నిన్నెవరు పట్టుకున్నారప్పా? పో, యాడికి పోతావో.”

“ఇప్పుడు యాడికి రెడ్డీ?”

ఆయన నవ్వినాడు. పక్కన నిలబడ్డ నాయన కూడా నవ్వినాడు. రెడ్డి నవ్వడం నాకు కొత్త కాదు. నాయన నవ్వును మాత్రం నేటికీ క్షమించలేదు.