నగరి నేతగాని ధమని

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మీదపడి వాదించే రకం నేను. ఇంజనీరింగ్ చదివినోణ్ణి. అయినా ఇది నా కళ్లెదుట జరిగింది.

ఎనభైల్లో తిరుపతిలో పరిశోధన చేస్తా ఉన్నాను. ధమని ముక్కను మిషన్లో పట్టి లాగి, ఎంత బలానికి ఎంత సాగుతుందో కొలిచేవాళ్లం. ఆ కొలతలు కంప్యూటర్‌కిచ్చి, రక్తం ఒత్తిడికి ధమని ఎట్లా ఉబ్బుతుందో లెక్క కట్టేవాళ్లం. ముక్కలు మాంసం అంగడి నుంచి తెచ్చిన మేకలవి.

మా గైడు సారుకు అవి చాల్లేదు. ఆసుపత్రి శవాల గది నుంచి మనిషి ధమని తెప్పించినాడు. నగరిలో మగ్గం నేసే ఆయనదని, ఇంటోళ్లు ఒప్పుకున్నారని చెప్పినాడు.

కొలతలన్నీ అయిపోయినాక ఆ నేతగాని భార్య వచ్చింది. ఎవరు చెప్పినారో ఏమో, నేరుగా ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"మా ఆయన్ని కోసింది మీరేనా? నన్నొక మాట అడగబళ్లేదా?"

సారు కుర్చీలోంచి లేవలేదు. "సచ్చినోడికి నొప్పేముందమ్మా, పో" అన్నాడు.

ఆమె ఏడవలేదు. సారునే కాసేపు చూసి వెళ్లిపోయింది.

ఆ వారమే లెక్క నడిపినాము. కంప్యూటర్లో మా ధమని గుండె నుంచి కిందికి దిగే నున్నటి గొట్టం. అంతటా ఒకే మందం. ఉబ్బితే సమంగా ఉబ్బాల. నేతగాని కొలతలిస్తే మాత్రం ఒక్కచోట బుడగ లేచింది. భుజాల మధ్య, వీపుకు ఆనుకునే చోట. మేక కొలతలు పెడితే ఏమీ లేదు. ప్రోగ్రాం మొదటి నుంచి మళ్లీ రాసినాను. మళ్లీ ఆడనే బుడగ.

సారు నవ్వి, "మిషన్ పొరపాటప్పా" అన్నాడు.

కొన్నాళ్లకు, పట్టపగలు, పాఠం చెప్తా చెప్తా సారు చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. "ఎవరో పట్టి లాగతా ఉండారు" అన్నాడు. పడిపోయినాడు. మళ్లీ లేవలేదు.

పెద్ద ధమని చిరిగిందన్నారు డాక్టర్లు. యాడ అని అడిగితే, భుజాల మధ్య, వీపుకు ఆనుకునే చోట అన్నారు.

మిగిలిన ముక్క తీసుకోని నగరికి పోయినాను. ఆమె చేతికిచ్చి, సారు పోయినాడని చెప్పినాను. శాపం పెట్టినావా అని అడగబోయినాను. ఆమే అనింది.

"నేనేం శపించలేదు నాయనా. అదంతా ఆయన పనే. బతికుండగా గూడా, తనకు చెడుపు చేసినోణ్ణి ఊరికే ఇడిసిపెట్టిన మనిషి కాదు."

తర్వాత బతుకంతా ఇదే పనిలో ఉన్నాను. ఒక మనిషి కొలతల్లో లేచిన బుడగ ఇంకొక మనిషి ఒంట్లో ఎట్లా పగిలిందో, నాకిప్పటికీ తెలియదు.