ఏలూరు దారి అనుకున్న గట్టు

మా వీధి చివర కాలవలో ఏడాదికోసారి గుర్రపుడెక్క తీసి గట్టు మీద పోస్తారు. రెండు రోజులు ఎండకి వాడి, మూడో రోజుకి అది కుళ్ళడం మొదలుపెట్టాక బురదా, పచ్చిగడ్డీ, చేపల నీచూ కలిసిన వాసన ఒకటి లేచి ఏలూరులోని మా డాబా దాకా వస్తుంది. ఇంట్లో అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని కాసేపు బయటే నిలబడతాను. ఆ వాసన బాగుంటుందని కాదు. అది వచ్చినప్పుడల్లా తొమ్మిదేళ్ళ వయసులో, ఒక మంచు పట్టిన ఉదయం, మా అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడిన గట్టు గుర్తొస్తుంది. ఆ గట్టు మీద ఏం జరిగిందో నాకు బాగా తెలుసని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

మా ఊరు ఏలూరుకి దక్షిణాన, కొల్లేటికి కూతవేటు దూరంలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. చుట్టూ వరిచేలు, చేల మధ్య పంటకాలవలు, కాలవలకి గట్లు, గట్ల మీద తాటిచెట్లు. ఎత్తన్నది లేని నేల. కొండంటే ఎలా ఉంటుందో ద్వారకా తిరుమల తీసుకెళ్ళినప్పుడు చూశానంతే. వానాకాలంలో నీళ్ళు ఊరి వాకిట్లోకి వచ్చేవి, మళ్ళీ వేసవిలో నెర్రెలు విచ్చిన నేల మీద మేం తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. నేల అంత సమంగా ఉండే చోట ఎవరైనా దారి తప్పుతారంటే బయటివాళ్ళు నమ్మరు గానీ, మా వైపు దారి తప్పడం చాలా సులువు. ఏ గట్టు చూసినా ఇంకో గట్టులాగే ఉంటుంది.

ఆ ఏడు వినాయకచవితి వెళ్ళిన వారానికి అమ్మని గూడుబండిలో ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తమ్ముడో చెల్లెలో పుడతారని మామ్మ ముందే అటక మీంచి ఉయ్యాల దింపి, కడిగి, నడవాలో దూలానికి కట్టి ఉంచింది. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. అమ్మ తిరిగొచ్చింది అట్లతద్ది రోజున. పక్కింటివాళ్ళిచ్చిన అట్లు చేతిలో పట్టుకుని వీధిలోకి పరిగెత్తుకెళ్ళాను. బండిలోంచి అమ్మని నాన్న ఎత్తుకుని దింపాడు. చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి, జుట్టు సగం ఊడిపోయింది. బండిలోకి తొంగిచూశాను. గడ్డి మీద పరిచిన బొంత తప్ప ఇంకేమీ లేదు.

"తమ్ముడేడి మామ్మా?" అని అడిగితే మామ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఏలూరులో నర్సమ్మ గారి దగ్గరున్నాడే. బలం రావాలి. బలం వచ్చాక తెచ్చుకుందాం. మీ అమ్మ దగ్గర మాత్రం ఆ ఊసెత్తకు."

మర్నాడు చూస్తే నడవాలో ఉయ్యాల లేదు.

అమ్మకి బాలింత జ్వరం వచ్చి, రోజుల తరబడి తెలివి లేకుండా పడి ఉందట. ఇంటికొచ్చాక కూడా మంచం దిగేది కాదు. పాత బియ్యపన్నంలో వెల్లుల్లి కారం కలిపి మామ్మ ముద్దలు పెడితే రెండు తిని గోడవైపు తిరిగి పడుకునేది. సాయంత్రం సాంబ్రాణి వేస్తే ఆ పొగవైపే చూస్తూ ఉండేది. కార్తీకం వచ్చేసరికి నాన్న మళ్ళీ ఏలూరు వెళ్ళి డాక్టరు గారిని అడిగొచ్చాడు. మందులు ఆపేసి నడిపించండి అన్నారట ఆయన. మొదటిరోజు వాకిట్లో, తర్వాత వీధిలో, తర్వాత కాలవగట్టు మీద, రోజూ కాస్త కాస్త దూరం పెంచుకుంటూ వెళ్ళాలట. అలా నడిస్తేనే ఒంటికి బలం వస్తుందట.

మామ్మ చెప్పిన బలమూ డాక్టరు గారు చెప్పిన బలమూ నా బుర్రలో ఒకటైపోయాయి. అమ్మకి నడిచే బలం రావాలి, రోజూ కాస్త దూరం పెంచాలి, అలా పెంచుకుంటూ పోతే ఒకరోజు ఏలూరు వస్తుంది, అక్కడ తమ్ముడుంటాడు. ఎంత ఆలోచించినా ఇందులో తప్పేమిటో నాకు కనబడలేదు. అందుకే, అమ్మకి తోడు ఎవరు వెళ్తారన్నప్పుడు నేనే వెళ్తానన్నాను. మామ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి పొలం పనులు, ఆ పని నాకే వచ్చింది.

మా ఊరి ఆడవాళ్ళు నడవనివాళ్ళేం కాదు. ఊడ్పులకీ కోతలకీ మంచినీళ్ళకీ గుడికీ రోజంతా నడిచేవారు. కానీ పనేమీ లేకుండా ఊరికే నడవడం అన్నది అక్కడ ఎవరూ ఎరగరు. మొదటిరోజు వీధి దాటేలోగా నలుగురు అడిగారు, "ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?" అని. అమ్మ మాట్లాడదు. నాకేం చెప్పాలో తెలియదు. ఒకరితో కాలవ చూడ్డానికండి అన్నాను, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కాలవని. ఇంకొకరితో ఎక్కడికీ కాదండి అంటే, "అదేంటే, ఎక్కడికీ కాకుండా ఎలా వెళ్తారూ?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఈ గొడవంతా విని మామ్మ మర్నాటి నుంచి నా చేతికొక తాటాకు బుట్ట ఇచ్చింది. ఎవరడిగినా పొన్నగంటి కూర కొయ్యడానికండి అని చెప్పమంది. అలా రోజూ ఖాళీ బుట్టతో వెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగొచ్చేవాళ్ళం.

నడక కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి అంతకంటే తేలికైన దారి ఇంకెక్కడా ఉండదని ఇప్పుడనిపిస్తుంది. ఊరి చివర చింతలతోపు దాటితే గట్టు మొదలు. బండిచక్రాల జాడల మధ్య గరిక మెత్తగా, మంచుకి తడిగా, చెప్పుల్లేని కాళ్ళకి చల్లగా తగిలేది. మొదట తూము దాకా వెళ్ళాం. తూము అరుగు మీద అమ్మ కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే నేను నీళ్ళలోకి కాళ్ళు వేలాడేసి చేపపిల్లల చేత కొరికించుకునేదాన్ని. నాలుగు రోజులకి తాటిచెట్ల వరస దాకా, మరో వారానికి తాటిపట్టె వేసిన కాలివంతెన దాకా, మార్గశిరం వచ్చేసరికి కాలవ నీళ్ళని తలుపులతో ఆపే లాకుల దాకా వెళ్ళాం. ఒకవైపు నీళ్ళు, రెండోవైపు పండిన చేలు, చేల మీద వాలి లేచే కొంగలు, కోతల పాటలు, ఎక్కడో వరిగడ్డి తగలబెట్టిన పొగ. ఎప్పుడైనా నీలకంఠపిట్ట కనబడితే అమ్మ ఆగి చూసేది. చూస్తోందంటే బలం వస్తోందన్నమాటే అని లెక్కేసుకునేదాన్ని.

దారి గుర్తుకి నాన్న నాకొక ఉపాయం చెప్పాడు. కాలవ కుడిచేతి వైపుంటే ఏలూరు వైపు పోతున్నట్టు, ఎడమచేతి వైపుంటే ఇంటికొస్తున్నట్టు. అంతే, ఇంకేం అక్కర్లేదన్నాడు.

ధనుర్మాసం వచ్చింది. తెల్లారకముందే రామాలయంలో గంట మోగేది, ప్రసాదం చక్రపొంగలి విస్తరాకులో వేడివేడిగా పెట్టేవారు, నేతి చెయ్యి ఆ రోజంతా కడుక్కోబుద్ధయ్యేది కాదు. అలాంటి ఒక ఉదయం, నాన్న ధాన్యం బళ్ళతో తాడేపల్లిగూడెం మిల్లుకి వెళ్ళిన రోజు, మేమిద్దరం బయలుదేరాం. లాకుల దాకా వెళ్ళినా అమ్మ కూర్చోలేదు. "ఇంకాస్త వెళ్దామా?" అని నేను అంటే తల ఊపింది. ఈ రోజే ఏలూరు వెళ్ళిపోతాం అనుకున్నాను.

లాకులు దాటాక మంచు దిగింది. చేతిలో బుట్ట కూడా సరిగ్గా కనబడనంత మంచు. కాలవ కుడివైపే ఉందని చూసుకుంటూ నడిచాను. కాసేపటికి ఎడమవైపు కూడా నీళ్ళు కనబడ్డాయి. నాన్న చెప్పిన ఉపాయంలో రెండువైపులా నీళ్ళుంటే ఏమిటన్నది లేదు. గట్టు ఒకచోట రెండుగా చీలింది, వెడల్పాటి దానివైపు తిరిగాను. అదీ చీలింది. సూర్యుడు ఎటున్నాడో తెలియదు. వెనక్కి తిరిగితే మేమొచ్చిన గట్టు ఏదో తెలియదు. అమ్మకి చెప్పడానికి భయం. దారి నాకు తెలుసనుకుని ఆవిడ నా వెనకాలే వస్తోంది.

ముందు వాసన తగిలింది, కుళ్ళిన తుంగా బురదా కలిసిన వాసన. తర్వాత చప్పుడు. వేల పిట్టలు ఒక్కసారి మాట్లాడుకుంటున్నట్టు కువకువ, కిచకిచ, రెక్కల టపటప, మంచులోంచి అన్నివైపుల నుంచీ. గట్టు అక్కడితో అయిపోయింది. మా ముందు నీళ్ళలో మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డి, దాని వెనక అవతలి ఒడ్డన్నది లేని నీళ్ళు. ఏలూరు వైపు అనుకుని నేను అమ్మని సరిగ్గా దానికి ఎదురు దిక్కున, కొల్లేట్లోకి తీసుకొచ్చేశాను.

ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపు విని గడ్డిలోంచి ఒకావిడ తాటిదోనె తోసుకుంటూ ఒడ్డుకొచ్చింది. చేపలు పట్టుకునే మనిషి, మోకాళ్ళ దాకా బురద, తలకి గుడ్డ.

"ఎక్కడికండమ్మా, దారి తప్పారా?"

ఇక్కడి నుంచి నాకు గుర్తున్నది ఇది. బుట్ట సంగతి మర్చిపోయి, "ఏలూరండి, మా తమ్ముణ్ణి తెచ్చుకోడానికండి" అని నేను ఏడుస్తూ చెప్పాను. ఆవిడ అమ్మ వైపు చూసింది. అమ్మ గట్టు మీద కూలబడింది. నెలల తర్వాత నేను విన్న అమ్మ మొదటి పెద్ద మాట అది.

"తమ్ముడు లేడే, బుల్లీ. పోయాడు."

ఆ చేపలావిడ అయ్యో అనలేదు, ఊరుకోమనీ అనలేదు. దోనెని కిక్కిస దుబ్బుకి కట్టేసి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, "ఎవరి పోలికండమ్మా?" అని అడిగింది, బతికున్న పిల్లాడి గురించి అడిగినట్టు.

"తెలీదండి. నాకు చూపించలేదు" అంది అమ్మ. అని, అప్పుడు ఏడ్చింది. పిట్టల గోలలో ఆ ఏడుపు ఎవరికీ వినబడదు, మా ఇద్దరికి తప్ప.

మంచు విడిచాక ఆవిడ మమ్మల్ని దోనెలో కూర్చోబెట్టి, మా ఊరి గట్టు కనబడేచోట దింపింది. పేరు అడగలేదు మేము. మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. మామ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా, "అత్తయ్యగారూ, ఆ ఉయ్యాల అటక మీద ఉంచకండి. ఎవరికైనా ఇచ్చెయ్యండి" అంది. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మ నడక మానలేదు. బుట్ట మాత్రం మానేసింది. మళ్ళీ ఆవిడకి పిల్లలు కలగలేదు. నా పెళ్ళయి, నాన్నా పోయాక, అమ్మ ఏలూరు వచ్చి నా దగ్గరుండిపోయాక కూడా పొద్దున్నే కాలవగట్టు మీద నడిచొచ్చేది. ఆ రోజు గురించి మాత్రం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎనభై దాటాక ఒకసారి, డాబా మీద వడియాలు పెడుతూ, ఆవిడే తెచ్చింది ఆ మాట.

"ఆ రోజు నువ్వు చెప్పకపోతే నేను ఏలూరు దాకా వెళ్ళిపోయేదాన్నే."

"నేనేం చెప్పానమ్మా?"

"తమ్ముడు లేడని. ఆ చేపలావిడ ఎక్కడికని అడిగితే, 'మా తమ్ముడు పోయాడండి, మా అమ్మకి చెప్పొద్దన్నారండి' అన్నావుగా, నా ఎదురుగానే."

పిండి గరిటె కింద పెట్టేశాను. కాదమ్మా, నువ్వే నాకు చెప్పావు, నాకేమీ తెలియదు, తమ్ముడి కోసమేగా నేను నిన్ను అంత దూరం తీసుకెళ్ళింది అన్నాను. అమ్మ నవ్వింది.

"బాగుందే. నాకే తెలిసుంటే అంత దూరం ఎందుకు నడుస్తాను? వాడు నర్సమ్మ దగ్గరున్నాడని మీ నాన్న నాతోనూ చెప్పారు. కాళ్ళకి బలం వస్తే నేనే వెళ్ళి తెచ్చుకుందామనుకున్నాను. నువ్వు ముందు నడిచావా? నేనే కదుటే నీ చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది!"

అప్పట్నుంచీ ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. మామ్మ వంటింట్లో ఎవరితోనో అంటుండగా నేను విని ఉంటానా? విని, తెలిసి, తెలియనట్టే నడిచానా? లేక అమ్మే, పిల్లకి ఆ మాట చెప్పాల్సి వచ్చిన బరువు మొయ్యలేక, దాన్ని ఏళ్ళ తరబడి అటు తిప్పుకుందా? ఒకళ్ళకొకళ్ళం చెప్పకుండా ఇద్దరం ఏలూరుకే నడిచామన్నది ఒక్కటే ఇద్దరి మాటల్లోనూ కలిసింది. అడగడానికి నాన్న లేడు, మామ్మ లేదు. మరో రెండేళ్ళకి అమ్మా వెళ్ళిపోయింది.

పోయిన శీతాకాలం మా అల్లుడు కారులో కలిదిండి వెళ్తుంటే నేనూ కూడా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మా ఊరి వైపు తిప్పించాను. లాకుల తలుపులు తుప్పుపట్టి ఉన్నాయి. తాటిచెట్లు లేవు, చేలు లేవు. లాకులు దాటాక చూపు ఆనినంత మేరా చేపల చెరువులు, నీళ్ళలో గిరగిర తిరుగుతూ నురగలు తీసే యంత్రాలు, పిట్టలు వాలకుండా కట్టిన తీగలు. గట్టు చీలిన ఆ చోటైనా కనబడితే, ఎవరం ముందు నడిచామో, ఎటు తిరిగామో కాళ్ళకైనా గుర్తొస్తుందేమోనని దిగి కొంతదూరం వెళ్ళాను. చెరువు కాపలా ఆయన, నడివయసు మనిషి, ఎదురొచ్చాడు.

"ఇక్కడ కొల్లేటి దాకా గట్టొకటి ఉండాలండి, నడిచే గట్టు" అన్నాను.

"ఇక్కడ గట్టేం లేదండి. నాకు తెలిసినప్పట్నుంచీ చెరువులేనండి" అన్నాడు ఆయన, నిజంగానే ఆలోచించి, ఎంతో మర్యాదగా.

అవునేమో బాబూ అని వచ్చి కారెక్కాను.