మీ వాటా మీకే

మొన్న బెజవాడలో మేం అద్దెకుంటున్న అపార్టుమెంటు లిఫ్టులో ఎవరో ఆవపిండి మోసుకెళ్ళినట్టున్నారు. ఆ ఘాటు తగలగానే తిరువూరులో మామ్మగారి లోగిలి, పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరబోసిన మామిడి ముక్కలు, వాటి చుట్టూ ఈగల్లా మూగే పిల్లలం మేం కళ్ళముందు నిలిచాం.

మామ్మగారంటే అప్పటి మా ఇంటి ఓనరు. ఆవిడ పెంకుటింట్లో ఆరు వాటాలు, అందరికీ కలిపి ఒకటే బోరింగు. ఒక వాటాలో జాకెట్లు కుట్టే అబ్బా, అమ్మ, నేను. పక్క వాటాలో బస్సు కండక్టరుగారి భార్య సుభద్రత్త. కొత్తావకాయ కలిపిన అన్నం ముద్దలు పిల్లలందరి చేతుల్లోనూ వరసగా మామ్మగారే పెట్టేది. రంజాను సేమ్యా మొదటి గిన్నె ఆవిడకి అందాకే మేం తినేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో ఉండగా, వానలొచ్చేలోపు కప్పు బాగుచేయిస్తాననీ, రెండు నెలలు ఎక్కడైనా సర్దుకోమనీ మామ్మగారు అందరికీ చెప్పింది. సుభద్రత్తకి అనుమానమొచ్చి, కాగితం రాయించుకుందామంది. అమ్మ ఒప్పుకోలేదు. పదకొండేళ్ళు కూతురిలా చూసుకున్న మనిషిని కాగితం అడగడం తప్పని ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పింది. మామ్మగారు అమ్మ చెయ్యి పట్టుకుని, “మీ వాటా మీకేనమ్మా ఫాతిమా, ఎక్కడికి పోద్ది?” అంది.

ఆరిళ్ళూ ఖాళీ అయ్యాయి. మేం గంపలగూడెంలో మామయ్య ఇంట్లో తలదాచుకున్నాం. రెండు నెలలు కాస్తా ఏడాదయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని వచ్చి చూస్తే లోగిలి లేదు. ఇనప గేటు, మూడంతస్తుల మేడ. మామ్మగారు లోపలికి రమ్మనలేదు. మెట్ల మీదే నిలబడి, “మా అల్లుడు మనవాళ్ళకే ఇమ్మంటున్నాడమ్మా, నేనేం చెయ్యను” అంది. అన్నేళ్ళూ ఆ ‘మన’లో మేమూ ఉన్నామనుకున్నాం.

తిరిగొస్తుంటే బస్టాండులో సుభద్రత్త కనిపించింది. ఆవిడనీ అలాగే పంపేశారట. అమ్మ పలకరించబోతే, “నీ మాట నమ్మి ఇల్లొదిలాం ఫాతిమా” అని మొహం తిప్పుకుంది. మామ్మగారి మెట్ల దగ్గర రాని ఏడుపు అమ్మకి అప్పుడొచ్చింది. గంపలగూడెం దాకా కొంగు నోటికడ్డం పెట్టుకునే కూర్చుంది.

అలాంటి లోగిళ్ళు ఇప్పుడు తిరువూరులోనూ లేవు. ఇక్కడైతే రెండేళ్ళయినా ఎదుటి వాటావాళ్ళ పేరు నాకు తెలీదు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా ఓనరు మంచివాడు. పోయినేడు అమ్మకి జ్వరమొస్తే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మొన్న పైఅంతస్తులో ఆయనదే ఇంకో ఇల్లు చూడ్డానికొచ్చిన ఒకావిడ మా గుమ్మంలో ఆగి, ఓనరు ఎలాంటివారండీ అని అమ్మనడిగింది.

“నాకు తెలీదమ్మా” అని అమ్మ తలుపేసేసింది.