రూతక్క కుడి చెవి

పప్పు మాడిన వాసన వచ్చాకగానీ నాకు తెలియలేదు. కుక్కరు పక్కనే నిలబడి కరివేపాకు దూస్తున్నాను. కోడలు లావణ్య బయటి నుంచి పరుగున వచ్చి స్టవ్ ఆపేసింది. "అత్తమ్మా, ఏడు విజిల్స్ అయినయ్! మీరు ఈడనే ఉన్నరు గద, ఆపద్దా?" అంది. ఏదో ఆలోచనలో పడ్డానన్నాను. అది అబద్ధం. నాకు ఒక్క కూత కూడా వినబడలేదు. మాడిన పప్పును గిన్నెలోకి వంచుతుంటే, ఇరవై ఏళ్ల కిందట ఇదే వంటింట్లో ఇదే అబద్ధం ఆడిన మనిషి గుర్తుకొచ్చింది. ఆమె రూతక్క. ఆమెను నేను ప్రేమించిన రోజులకంటే ఆమెను చూసి కుళ్లుకున్న రోజులే ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

బోధన్‌లో వాళ్లది మా పక్కిల్లు. ఆమె భర్త యోహానన్న చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. రూతక్క రెంజల్‌లో బడి పంతులమ్మ. యోహానన్న దగ్గర యుద్ధకాలం నాటి ఇంగ్లండు మోటారు సైకిలు ఒకటి ఉండేది. మిలిటరీవాళ్లు వదిలించుకుంటే సికింద్రాబాదులో కొన్నాడట. దానికి ఎడమ పక్కన సైడుకారు. మేమంతా దాన్ని తొట్టి అనేవాళ్లం. రోజూ పొద్దున్నే రూతక్క తెల్ల చీర కొంగు తలకు చుట్టుకుని, ఒళ్లో టిఫిను డబ్బా పెట్టుకుని, ఆ తొట్టిలో కాళ్లు చాపుకుని బడికి వెళ్లేది. చెరుకు బండ్లవాళ్లు ఎడ్లను పక్కకు లాగి మరీ చూసేవాళ్లు. చాయ్ హోటలు ముందు కూర్చున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడేవాళ్లు. నేనేమో మా ఆయన బండి వెనక, చంకలో పిల్లాడు, కొంగు చక్రంలో పడుతుందేమోనని గుండెల్లో దడ. దుమ్మంతా నా మొహానికే. ఆమెకు రోజూ ఊరేగింపు, నాకు రోజూ తిప్పలు. కడుపు మండదా మరి!

అయితే అసలు మంట తొట్టి గురించి కాదు. మా ఆయన గంగాధర్‌కు కోటగిరి దగ్గర పొలం. చెరుకు, పసుపు వేసేవాడు. పొలం మీద ఎంత ధ్యాసో పాత బండ్ల మీద అంతకు రెండింతలు. ఆదివారం యోహానన్నవాళ్లు చర్చి నుంచి వచ్చేసరికి, నిజామాబాదు నుంచి నలుగురైదుగురు పాత బండ్ల పిచ్చోళ్లు వాళ్ల వాకిట్లో దిగేవాళ్లు. ఇంజన్లు విప్పేవాళ్లు, బిగించేవాళ్లు, నేను పెట్టిన చాయ్ మీద చాయ్ తాగేవాళ్లు. అందరూ మొగవాళ్లే. కానీ ఇంజన్‌లో ఏదైనా తేడా వస్తే చివరి మాట మాత్రం రూతక్కదే. "అక్కా, జర ఇను," అని మా ఆయన బండి స్టార్ట్ చేసి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆమె కుడి చెవి ఇంజన్ వైపు పెట్టి, కళ్లు మూసుకుని, క్షణంలో తేల్చేసేది.

"పైన వాల్వు వదులైంది గంగాధర్. బండిదేం తప్పు లేదు, నీ బద్ధకందే తప్పు."

మా ఆయన బడిపిల్లాడిలా ఇకిలించేవాడు. నేను రాత్రంతా దగ్గినా అటు తిరిగి పడుకునే మనిషి, ఇంజన్ ఒక్కసారి దగ్గితే చాలు, రూతక్క దగ్గరికి ఉరికేవాడు. ఆమె మాట వినేటప్పుడు ఆయన మొహంలో ఉండే ఆ శ్రద్ధ, మా పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా మాటకు ఒక్కనాడూ దొరకలేదు. నాకు కావాల్సింది అదే. తొట్టి కాదు, చీర కాదు, నగ కాదు. నేను మాట్లాడుతుంటే ఆయన అలా నిలబడి వినాలి. అంతే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అక్కా, గింత పెద్ద మోతల నీకు అదొక్కటి ఎట్ల దొరుకుతది?"

"పదారేండ్లాయె సుగుణా ఈ తొట్ల కూసోవట్టి. ఇంజన్ నా కుడి చెవి పక్కనే ఉంటది. వద్దన్నా ఇనవడ్తది," అని నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

ఆ చలికాలమే, చెరుకు సీజన్లో, ఒక ఆదివారం నిజామాబాదు వాళ్లకు మా ఇంట్లో భోజనాలు. రూతక్క సాయానికి వచ్చింది. కుక్కరు పెట్టి, ఆమెను దగ్గర నిలబెట్టి, నేను ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. నాలుగు కూతలు అయ్యాయి. అయిదోది కూడా అయింది. ఆమె కదలదు. "ఇంక కూస్తలేదేంది నీ కుక్కరు?" అని అడిగింది. నేను తలెత్తి చూశాను. కుక్కరు ఆమె కుడి పక్కనే ఉంది, ఎడమ పక్క కిటికీలోంచి బండ్ల మోత. నేను లేచి వెళ్లి స్టవ్ ఆపాను. అప్పుడు ఆమెకు అర్థమైంది. "ఏదో సోంచాయించుకుంట నిలవడ్డ," అంది.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఆమె కుడి పక్కకు వెళ్లి సన్నగా పిలిచేదాన్ని. వినబడేది కాదు. ఎడమ పక్కకు వెళ్లి అంతే సన్నగా పిలిస్తే "ఓ" అనేది. కుడి పక్క సైకిలు గంట వినదు, పిచ్చుకల అరుపు వినదు. గట్టి మోతలు వింటుంది, సన్నటివే పోయాయి. ఈ సంగతి యోహానన్నకు కూడా తెలియదు. నాకు మాత్రమే తెలుసు. అబ్బ, ఎంత సంతోషపడ్డానో! అయ్యో అనాల్సిన చోట లోలోపల పండగ చేసుకున్నాను.

ఆ సంతోషానికి తగ్గ అవకాశం కూడా వెంటనే వచ్చింది. రెంజల్ అవతల సరిహద్దు పల్లెలో ఒక మరాఠీ రైతు దగ్గర సైడుకారు బండి ఉందని కబురొచ్చింది. మా ఆయనకు నిద్ర పట్టలేదు. రూతక్క విని సరేనంటే కొందామన్నాడు. యోహానన్న, రూతక్క వాళ్ల బండి మీద, మేము మా బండి మీద వెళ్లాం. మా బండిని తిరుగు దారిలో తేవడానికి నిజామాబాదు స్నేహితుడొకడు యోహానన్న వెనక కూర్చుని వచ్చాడు. ఆ రైతు బండి స్టార్ట్ చేసి "ఐకా తాయీ, ఐకా," అన్నాడు రూతక్కతో, వినమ్మా వినమని. ఆమె ఎప్పటిలా కుడి చెవి పెట్టింది, కళ్లు మూసుకుంది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఆ గుబగుబల కింద, అడుగున ఎక్కడో సన్నటి ఈల. ఎండిపోయిన బోరింగు గొట్టం కీచుమన్నట్టు ఆగకుండా వస్తోంది. నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు. అయినా ఆ చప్పుడు అక్కడ ఉండకూడనిదని మాత్రం తెలిసిపోయింది.

రూతక్క కళ్లు తెరిచి, "మంచిగుంది, తీస్కో," అంది.

మా ఆయన నా వైపు చూడనే లేదు. నా గొంతు దాకా వచ్చింది మాట. నా మాట ఎవరు వింటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి వేరు. ఈ ఒక్కసారి ఆమె చెప్పింది తప్పు కావాలి, అందరి ముందూ కావాలి. నోరు మూసుకున్నాను.

తిరుగు దారిలో మా ఆయన ఆ బండి నడిపాడు, నేను తొట్టిలో కూర్చున్నాను. ఎన్నేళ్లుగానో కళ్లల్లో పెట్టుకున్న చోటు! చెరుకు కోసేవాళ్లు కొడవళ్లు ఆపి చూశారు. ఒకామె చెయ్యి కూడా ఊపింది. నేను ఊపలేకపోయాను. ఆ ఈల నా కుడి చెవిలోనే కూస్తోంది. మైలు మైలుకీ పెరుగుతోంది. చెప్పు, ఇప్పటికైనా చెప్పు అని లోపలి నుంచి ఎవరో పొడుస్తున్నారు. నేను "ఏమయ్యో" అని నోరు తెరిచేలోపే ఇంజన్ పట్టేసింది. బండి కుడి వైపుకు గిర్రున తిరిగి రోడ్డుకు అడ్డం పడింది. ఎదురుగా వస్తున్న చెరుకు బండివాడు ఎడ్ల పగ్గాలు బిగబట్టి లాగాడు. లాగకపోతే ఇది రాయడానికి నేను లేను. తొట్టిలో నాకు గీత కూడా పడలేదు. మా ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

దవాఖానాలో కట్టు వేస్తుంటే నిజామాబాదు స్నేహితుడు నసిగాడు. "రూతక్క చెవి గిట్ల ఎట్ల మోసం జేసిందో." రూతక్క తల వంచుకుని, "నాదే తప్పు. సక్కగ ఇనలే," అంది. నేను కోరుకున్న మాట అదే, కోరుకున్నట్టే అందరి ముందూ వచ్చింది. నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. మా ఆయన మందుల మత్తులో నిద్రపోతున్నాడు. ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని, తిన్నగా అడిగింది.

"నీకు ఇనవడ్డది గద?"

"ఇనవడ్డదక్కా."

"మరెందుకు చెప్పలే?"

"కుళ్లు అక్కా. నిన్ను జూస్తే నాకు కుళ్లు." అనేసి ఏడ్చాను.

కొడుతుందనుకున్నాను. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె పీట నా దగ్గరికి జరుపుకుంది. "నేను గూడ చెప్పలే గద, నా చెవి పోయిందని. యాడాదాయె. చెప్తే ఆదివారం నన్నెవ్వరడుగుతరు? నీకు కుళ్లు, నాకు గర్వం. ఇద్దరం గల్సి నీ మొగని చెయ్యి ఇరగ్గొట్టినం," అంది. ఈ సంభాషణ మా ఆయనకు ఇప్పటివరకూ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆదివారం చర్చి అయినంక రా. తొట్ల నువ్వు కూసో, నేను ఎన్క కూసుంట. నేర్పుత. కానీ సుగుణా, ముందే చెప్తున్న. నువ్వు ఆడ కూసుంటే నాకు మంటనే ఉంటది. అయినా కూసో."

అలా కూర్చున్నాను. యోహానన్న నడిపేవాడు, రూతక్క వెనక సీటు మీద కూర్చుని నా భుజం తట్టి, ఏం వినబడిందో అడిగేది. పైనుంచి వచ్చే టిక్కుటిక్కు వాల్వుది, కింది నుంచి వచ్చే ఈల బేరింగుది, పక్క నుంచి వచ్చే గరగర గొలుసుది. తప్పు చెబితే తల మీద మొట్టేది. తర్వాత వాకిట్లో మొగవాళ్ల ముందు నేను ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. చప్పుడు పైన ఉంటే నేను ఆమె బొటనవేలు నొక్కాలి, కింద ఉంటే చిటికెనవేలు. ఏమీ లేకపోతే ఊరుకోవాలి. వినేది నేను, చెప్పేది ఆమె. "రూతక్క చెవి బంగారం!" అని వాళ్లు పొగిడేవాళ్లు. "మళ్ల గాడిల వడ్డది అక్క," అని మా ఆయన మురిసిపోయేవాడు. నేను పక్కనే నిలబడి పళ్లు కొరుక్కునేదాన్ని. చేసిన పాపానికి శిక్ష అనుకుందామన్నా మంట తగ్గితే కదా!

రెండేళ్లు అలా గడిచాయి. ఒక ఆదివారం నిజామాబాదు నుంచి కొత్తగా ఒకాయన బండి తెచ్చాడు. స్టార్ట్ చేయగానే నాకు దొరికింది. కింద, సన్నగా, అదే ఈల. చిటికెనవేలు నొక్కాలి. నొక్కలేదు. అందరూ ఆమె మొహం వైపే చూస్తున్నారు, మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి, ఇంకొక్కసారి అనిపించింది నాకు. రూతక్క "మంచిగుంది" అనబోయి ఆగింది. నా వైపు తిరిగింది. నా మొహంలో ఏముందో ఆమెకు తెలుసు. అందరికంటే బాగా తెలుసు.

"నన్నెందుకు అడుగుతుండ్రు?" అంది గట్టిగా. "నా కుడి చెవి ఎప్పుడో పోయింది. రెండేండ్ల సంది ఇంటున్నది ఈమెనే. సుగుణనడుగుండ్రి."

ఎవరో నవ్వారు, తర్వాత ఆపేశారు. యోహానన్న చేతిలో పానా కింద పడింది. మా ఆయన నా వైపు తిరిగాడు. పదకొండేళ్లు ఎదురుచూసిన ఆ మొహం, ఆ శ్రద్ధ. "చెప్పు," అన్నాడు మెల్లగా. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ రూతక్క నా చెయ్యి వదలలేదు. ఆమె గోళ్లు నా అరచేతిలో దిగాయి. ఇంజన్ విప్పి చూస్తే నేను చెప్పిందే. అందరూ మెచ్చుకునేసరికి నేను రూతక్క కోసం చూశాను. ఆమె వాకిట్లో లేదు. లోపలికి వెళ్లి అందరికీ చాయ్ పెడుతోంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె ఆదివారం చాయ్ పెట్టలేదు. అది ఎప్పుడూ నా పనే.

రూతక్క పోయి ఆరేళ్లు. ఆదివారం బండ్లు ఇప్పుడు మా వాకిట్లో ఆగుతాయి, మా ఆయన మరమ్మతు చేయించిన ఆ సైడుకారు బండి కూడా ఉంది. తొట్టిలో నేనే కూర్చుంటాను. లావణ్య గుమ్మం దగ్గర ట్రే పట్టుకుని నిలబడి చూస్తుంటుంది. ఆ చూపు నాకు కొత్త కాదు. మొన్న నా కుడి పక్కకు వచ్చి ఏదో సన్నగా అన్నది, నాకు పెదవుల కదలిక మాత్రమే కనిపించింది. నేను తలాడించి ఊరుకున్నాను. ఆమె నవ్వు దాచుకుంది.

మాడిన కుక్కరు తోముతూ రూతక్క మాటలు తలుచుకున్నాను. అది పోయిన సోమవారం. ఆదివారం దాకా ఆరు రోజులు నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఇంకో ఏడాది ఆగవచ్చు కదా, ఎడమ చెవి ఇంకా కొంత ఉంది కదా, పిల్లకు తొందరేమిటని. నిన్న మా ఆయన బండి తీయగానే లావణ్య చేతిలో ట్రే అందుకున్నాను. తొట్టి వైపు చూపించాను.

"కూసో బిడ్డా. నాకు మంటనే ఉంటది, ముందే చెప్తున్న. అయినా కూసో."

ఆమె నేనేదో హాస్యమాడుతున్నాననుకుని పకపకా నవ్వి ఎక్కి కూర్చుంది. నాకు మండింది. ట్రే పట్టుకుని లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను.